యంత్రం ఉంది, మనిషి ఏడీ?

ముంబై పెడ్డర్ రోడ్డులో 2019లో తెరిచిన భారతీయ సినిమా జాతీయ మ్యూజియం చూశాం. 1913 నాటి మూకీ ‘రాజా హరిశ్చంద్ర’ నుంచి డిజిటల్ దాకా సినిమా ఎలా మారిందో చక్కగా అర్థమవుతుంది. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) తీసిందీ ఈ ఊళ్లోనే!

పాత ప్రొజెక్టర్ దగ్గర తాతయ్య ఆగిపోయారు. ఆయన ఒకప్పుడు టాకీసులో ఆపరేటర్. “కార్బన్ కడ్డీలు కాలిపోతూ ఉండేవిరా. దగ్గరికి జరుపుతూనే ఉండాలి. కన్ను మూస్తే తెర చీకటే” అన్నారు. 1000 అడుగుల రీలు 11 నిమిషాలే ఆడుతుందట. డిజిటల్ వచ్చాక ఆ పనే పోయింది.

ఏ మ్యూజియంలోనైనా యంత్రం ఆగి ఉంటుంది. దాన్ని నడిపిన చేతుల కష్టం కనబడదు. అందుకే మీరు వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లనీ తీసుకెళ్లండి. మిగతా సగం వాళ్లే చెబుతారు.