వదిలిన చేపా లెక్కలోదే

జూలై నడిమధ్య. తెల్లవారుజామున మూడున్నరకి బావ ఫోను. "లేచావా?" అన్నాడు. లేవడమేమిటి, పడుకుంటే కదా!

సియాటిల్‌కి ఉత్తరాన ఎవరెట్ రేవు. నాలుగున్నరకల్లా పడవ దించకపోతే ట్రెయిలర్ల వరస రోడ్డు దాకా పాకుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం చేపలవేట కోసం తన సముద్రపు నీళ్లకి 1 నుంచి 13 దాకా నంబర్లు వేసింది. కొలంబియా నది సముద్రంలో కలిసేచోట ఒకటో నంబరు. సియాటిల్ దాటి లోపలికి చొచ్చుకొచ్చిన ప్యూజెట్ సౌండ్ దక్షిణపు కొస పదమూడు. మేం వెళ్లే పొసెషన్ బార్ అనే ఇసుకమేట తొమ్మిదో నంబరులో ఉంది. ఈమధ్య వేసవుల్లో అక్కడ చినూక్ సాల్మన్‌ని పట్టి ఇంటికి తెచ్చుకోనిచ్చే రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆ జాగారం.

గాలం వేయడం నాకు కొత్త కాదు. కోనసీమలో పంటకాలవ గట్టున వెదురు కర్ర, వానపాము ఎర పట్టుకుని పెరిగినవాణ్ణి. చేప పడితే ఇంట్లో పులుసు, పడకపోతే అమ్మ చేత చీవాట్లు. మధ్యలో ఇంకెవరి ప్రమేయమూ లేదు. ఇక్కడికొచ్చాక పడవ మీద గాలం వేయడం రెండు వారాల్లో వంటబట్టింది. నిబంధనలు చదవడం వంటబట్టడానికి రెండేళ్లు పట్టింది. ఏ నంబరు నీళ్లు, ఏ తారీకు, ఏ జాతి, ఎన్ని అంగుళాలు, ఎన్ని చేపలు అని వరసగా చూసుకోవాలి. అచ్చైన పుస్తకంలో ఉందని ధీమాగా ఉండటానికీ లేదు. రాత్రికి రాత్రి మారిన నియమం పొద్దున్నే ఫోనులో చూసుకున్నాకే పడవ కట్టు విప్పాలి.

మొదట్లో నాకు ఇదంతా వేటకి అడ్డంకిలా కనిపించేది. వేటంటే ఇదేనని తెలిసొచ్చింది ఒక చేప వల్ల.

ఆ రోజు ఏడింటికి డౌన్‌రిగ్గర్ మీది కర్ర కదిలింది. డౌన్‌రిగ్గర్ అంటే తీగ చివర బరువైన గుండుని వేలాడదీసే పరికరం. గాలం దారాన్ని క్లిప్పుతో పట్టుకుని లోతుకి తీసుకెళుతుంది. చేప ఎరని అందుకోగానే దారం క్లిప్పు నుంచి ఊడుతుంది. అప్పటిదాకా వంగి ఉన్న కర్ర ఒక్కసారి నిటారుగా లేచి, మళ్లీ నీళ్లవైపు విల్లులా వంగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ సాల్మన్‌కి వాడే కొక్కేనికి లోపలివైపు ముల్లు ఉండకూడదు. ముల్లు లేని కొక్కెం చేతికి కొత్త పని నేర్పుతుంది. దారం ఒక్క క్షణం వదులైతే చేప నవ్వుకుంటూ పోతుంది. గట్టిగా లాగడం కాదు, బిగువు తగ్గనివ్వకుండా ఓపిక పట్టడమే ఇక్కడి పనితనం.

పావుగంటకి చేప పడవ పక్కకి వచ్చింది. వెండి పళ్లెంలాంటి ఒళ్లు. నేను వలబుట్ట అందుకున్నాను.

"ఆగవోయ్! ముందు రెక్క చూడు," అని అరిచాడు బావ.

సాల్మన్ వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్య బొటనవేలి గోరంత మెత్తటి రెక్క ఒకటుంటుంది. పుస్తకంలో దాని పేరు అడిపోజ్ ఫిన్. మా ఇంట్లో బొడిపె రెక్క అంటాం. హేచరీలో పెంచే సాల్మన్ పిల్లల్లో చాలావాటికి నదిలోకి వదిలేముందు ఆ రెక్కని కత్తిరిస్తారు. రెక్క లేకపోతే హేచరీ చేప, మనం ఉంచుకోవచ్చు. ఉంటే నదిలో పుట్టిన చేప కింద లెక్క, వదిలేయాలి. ప్యూజెట్ సౌండ్‌లో నదిలో పుట్టే చినూక్‌లు తగ్గిపోయి, 1999లో అమెరికా ప్రభుత్వం వాటిని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. నా చేప వీపు మీద ఆ బొడిపె నిక్షేపంగా ఉంది.

"ఒక్క ఫొటో తీసుకుని వదిలేద్దాం బావా!"

"పడవలోకి ఎత్తావంటే జరిమానా. నీళ్లలోనే విప్పు."

నిజమే. ఉంచుకోకూడని సాల్మన్‌ని పడవ అంచు దాటించి లోపలికి తేవడం కూడా నేరమే. చేప నీళ్లలో ఉండగానే కొక్కెం విప్పే పుల్లతో మెలి తిప్పాను. తోక ఒక్కసారి విసిరి, నా మొహాన ఉప్పునీళ్లు కొట్టి కిందికి వెళ్లిపోయింది. ఏదో పుణ్యం చేసుకున్నట్టు అనిపించింది. ఆ తర్వాత బావకి రెక్క లేనిది ఒకటి పడింది. దాంతో తిరిగొచ్చాం.

రేవులో చేతిలో అట్ట, పెన్సిలు పట్టుకుని ఒకమ్మాయి నిలబడింది. మత్స్యశాఖ తరఫున లెక్కలు రాసుకునే మనిషి. మేం తెచ్చిన చేప ముక్కు మీద ఒక కడ్డీ ఆడించింది. కొన్ని హేచరీ చేపల ముక్కులో సన్నటి లోహపు తీగముక్క ఉంటుంది. దాని మీది గుర్తుని బట్టి అది ఏ హేచరీలో ఎప్పుడు పుట్టిందో చెప్పేస్తారు. చేప జాతకం అన్నమాట. ఆ తర్వాత, "ఎన్ని వదిలారు?" అని అడిగింది. గర్వంగా ఒకటన్నాను. రెక్క ఉన్నదా లేనిదా, 22 అంగుళాలకి పైనా కిందా అని అడిగి రాసుకుంది. వదిలేసినదాని లెక్క ఈమెకెందుకో నాకు బోధపడలేదు.

కొద్ది రోజులకే ఫోనులో కబురొచ్చింది: రేపటి నుంచి చినూక్ వేట బంద్. ఉంచుకోదగ్గ చేపల కోటా ఇంకా మిగిలే ఉంది. గాలానికి తగిలిన చేపల హద్దు మాత్రం దాటిపోయిందట. నాకు ఒళ్లు మండింది. "వదిలేసిన చేపకి కూడా లెక్కేమిటి బావా? బతికే ఉంది కదా!"

"నీకు ఎవరు చెప్పారోయ్ బతికే ఉందని?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. గాలానికి తగిలి, పోరాడి, అలసిపోయి వెళ్లిన చేపల్లో కొన్ని తర్వాత చచ్చిపోతాయి. అది వదిలినవాడి కంట పడదు. అందుకే ఇన్ని వదిలితే ఇన్ని పోతాయని ముందే ఒక అంచనా కట్టి, ఆ నష్టాన్ని కూడా సీజను లెక్కలో వేస్తారు. రేవులో ఆ అమ్మాయి రాసుకున్నది అదే. నేను పుణ్యం అనుకున్నది ఆమె పుస్తకంలో ఖర్చు కింద పడింది.

ఆ ఖర్చుకి వాటాదారులు చాలామంది ఉన్నారు. 1854, 55 సంవత్సరాల్లో ఇక్కడి ఆదివాసీ తెగలు తమ భూములు అప్పగిస్తూ, తరతరాల చోట్లలో చేపలు పట్టుకునే హక్కుని మాత్రం ఒప్పందాల్లో రాయించుకున్నాయి. రాసింది ఒకటైతే జరిగింది ఇంకోటి. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ తన నదిలో వల వేసినందుకు 1945లో, 14 ఏళ్ల వయసులో మొదటిసారి అరెస్టయ్యాడు. ఆ తర్వాత యాభైసార్లకు పైగా. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పిచ్చాడు: పట్టుకోదగ్గ చేపల్లో సగం ఆ తెగలవి. 1979లో సుప్రీంకోర్టూ దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఏటా వసంతంలో రాష్ట్రమూ తెగలూ ఎదురెదురుగా కూర్చుని, ఏ నదికి ఎన్ని చేపలు తిరిగొస్తాయో అంచనా వేసుకుని సీజన్లు ఖాయం చేస్తాయి. 2016లో ఆ బేరం సమయానికి కుదరక, మే నెలలో ప్యూజెట్ సౌండ్‌లో నాలాంటి సరదా వేటగాళ్లకి సాల్మన్ వేట చాలావరకు ఆగిపోయింది. ఇంకో వాటాదారు ఈ నీళ్లలోనే తిరిగే, చేపలు తినే రకం ఓర్కా తిమింగలం. దానికి ప్రధానాహారం చినూకే. ఆకలేసినప్పుడు రూల్సు చూసుకోవాల్సిన పని దానికి లేదు, అంతే తేడా.

ఇదంతా విన్నాక మా ఊరివాళ్లు, "మనకీ వేట నిషేధం ఉందిగా," అంటారు. ఉంది. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజిన్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. కాకినాడ రేవులో ఆ రోజుల్లో వలలకి మాట్లు వేసుకుంటూ కూర్చున్నవాళ్లని చూశాను. వాళ్లకి పడవ ఆగడమంటే పొయ్యి మీద ఎసరు ఆగడం. ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూపులు. నాకు ఆగేది ఒక శనివారపు సరదా. ఈ రెండింటినీ ఒకే మాటతో 'నిషేధం' అనడానికి నాకు నోరు రాదు. తీరు కూడా వేరే. అక్కడ క్యాలెండరు చూసి మూస్తారు, చూసి తెరుస్తారు. ఇక్కడ క్యాలెండరు తెరిచిన తలుపుని లెక్కలపుస్తకం ఏ రోజైనా మూసేస్తుంది.

సాల్మన్ సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది. ఆ ఎదురీత సంగతి గోదావరివాళ్లకి చెప్పక్కర్లేదు. వరదనీరు తగలగానే పులస సముద్రం వదిలి ఎగబాకుతుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. కానీ పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి వెళ్లగలదు. పసిఫిక్ సాల్మన్‌కి ఆ ప్రయాణం ఒక్కసారే. పుట్టిన వాగు వెతుక్కుంటూ వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం వదులుతుంది. దారిలో గాలానికి తగిలి ఒకటి పోయిందంటే, వచ్చే ఏడు చూసుకుందాం అనడానికి దానికి ఇంకో ఏడు లేదు.

మా తొమ్మిదో నంబరు కథ చిన్నదే. దక్షిణాన కాలిఫోర్నియాలో 2023, 2024 సంవత్సరాల్లో సముద్రంలో సాల్మన్ వేట మొత్తానికే మూసేశారు. కరవుకి నదులు చిక్కిపోయి, నీళ్లు వేడెక్కి, శాక్రమెంటో నదికి తిరిగొచ్చే చేపలు తరిగిపోయాయి. 2025లో బతుకుతెరువుగా పట్టేవాళ్లకి మూడో ఏడూ అనుమతి రాలేదు. సరదాగా పట్టేవాళ్లకి జూన్ 7, 8 తేదీల్లో తెరిచారు. వేసవంతటికీ కలిపి 7,000 చేపలే హద్దు. ఆ రెండు రోజుల్లోనే అది దాటిపోయింది.

అయితే సాల్మన్ తగ్గడానికి గాలాలే కారణమా? కాదు. మా ఊళ్లో కల్వర్టంటే సాయంత్రం కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకునే దిమ్మ. దాని కింద నీటిదారి ఉంటుందన్న సంగతే ఎవరికీ పట్టదు. ఇక్కడ రోడ్ల కింద వేసిన కల్వర్టు గొట్టాలు కొన్ని వాగు మట్టం కంటే ఎత్తులో ఉండి, కొన్నిట్లో నీటి వడి మరీ ఎక్కువై, తిరిగొచ్చే సాల్మన్ ఎక్కలేకపోయేవి. చేపలే రాకపోతే చేపల హక్కుకి అర్థమేమిటని 21 తెగలు కోర్టుకెక్కాయి. 2018లో సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలడంతో కింది కోర్టు ఆదేశమే నిలిచింది. ఇప్పుడు రాష్ట్రం వాటిని తవ్వి కొత్తవి కడుతోంది.

ఇంకోటి మరీ దగ్గరిది. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి తిరిగొచ్చిన కోహో సాల్మన్‌లు శరత్కాలపు వానలు పడగానే, గుడ్లు పెట్టకముందే గిలగిల్లాడి చచ్చిపోతుండేవి. ఎన్నో ఏళ్లు కారణం అంతుపట్టలేదు. 2020లో పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు: కారు టైర్లు. రబ్బరు పగుళ్లివ్వకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోంది. టైరు అరిగి రాలిన పొడిలోంచి వాననీళ్లతో పాటు వాగులోకి దిగుతోంది. కోహోని గంటల్లో చంపుతోంది.

సియాటిల్ పక్కనున్న రెడ్మండ్ ఆఫీసుల చుట్టూ మన తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నామో చెప్పనక్కర్లేదు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే కార్ల బారులో నాదీ ఒకటి. నా గాలానికి తగిలి పోయిన చేపని రాసుకోవడానికి రేవులో ఒక మనిషి ఉంది. నా టైరుకి పోయిన చేపని ఏ కాగితం మీద రాయాలి? సీజను మూశారని నేను చిందులు తొక్కింది ఆ రెండో లెక్క తెలియక ముందు.

ఇప్పుడు సీజను మూసినా చిరాకు పడనని కాదు. పడతాను. మా అక్క అయితే ఆ రోజు కాస్త సంతోషిస్తుంది కూడా. "పడవ ఖరీదు, పెట్రోలు, ఎర, లైసెన్సు అన్నీ కలిపితే చేప కిలో ఎంత పడిందో చెప్పమంటారా?" అని బావని నిలదీస్తుంది. ఆయన కిటికీలోంచి వానని చూస్తాడు.

లైసెన్సుతో పాటు ఒక కార్డు ఇస్తారు. సాల్మన్‌ని ఉంచుకున్న మరుక్షణం, చేతికి అంటిన పొలుసు కడుక్కోకముందే, తేదీ, నీళ్ల నంబరు, జాతి అందులో రాయాలి. ఏడాది తిరిగాక ఏప్రిల్ 30 లోపు దాన్ని వెనక్కి పంపాలి. పోయినేడు మాకు వీలైన శనివారం రాకముందే తొమ్మిదో నంబరు మూసేశారు. కార్డులో ఒక్క గీతా పడలేదు. రాయడానికేమీ లేదు కదా, పంపడమెందుకన్నాను.

"ఖాళీ కార్డయినా పంపాలోయ్," అన్నాడు బావ. "సున్నా కూడా వాళ్లకి లెక్కే."

కవరులో పెట్టి స్టాంపు అంటించాను. పోస్టు డబ్బా అర మైలు దూరం. బయట సన్నగా వాన మొదలైంది. అలవాటుగా కారు తాళాలు తీసుకున్నాను. మళ్లీ మేకుకి తగిలించి గొడుగు కోసం వెతికాను.