ఋణపత్రంలో ఎవరి మాట?

13వ శతాబ్దంలో తిక్కన ఆదరణ పొందిన కేతన, యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను తెనిగించి ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు. దీనిని పద్యకావ్యంగా తూచడం తేలిక. వ్యవహారగ్రంథంగా తూచాలంటే నెల్లూరు తీరంలోని ఒక దుకాణపు ఖాతా పక్కన పెట్టి చూడాలి.

ఇక్కడ రొయ్యల మేత అమ్మేవాడు చెరువుకు మేత అరువిస్తాడు. పంట పట్టాక బాకీ తీరాలి. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చినట్లు రోగం తగిలితే రైతుతోపాటు, కంపెనీకి బాకీపడిన దుకాణదారు కూడా మునుగుతాడు. అప్పుడు ఖాతా తెరిస్తే అందులో ఉన్నది అమ్మినవాని వ్రాత ఒక్కటే. కేవలం ఖాతా పద్దుతోనే ఎవరినీ బాధ్యునిగా నిర్ణయించరాదని 2023 నాటి సాక్ష్య చట్టమూ చెబుతున్నది.

కేతన ఆధారగ్రంథమైన స్మృతి ఈ లోపాన్ని ముందే గుర్తించింది. పైన వ్రాసినది తనకు సమ్మతమని ఋణగ్రస్తుడే స్వహస్తంతో వ్రాయాలి. చెల్లించిన కొద్దీ ఆ మొత్తాన్ని పత్రం వెనుక ఎక్కించాలి. దివ్య ఖుర్‌ఆన్‌లోని బఖరా సూరా 282వ ఆయతు కూడా అప్పు పత్రాన్ని ఋణగ్రస్తుడే చెప్పి వ్రాయించాలని, సాక్షులుండాలని ఆదేశిస్తుంది. చిన్న మొత్తమని వ్రాయడానికి విసుగు చెందరాదంటుంది.

అయితే ఇంతటితో పోలిక ముగియదు. స్మృతిలో వడ్డీ వర్ణాన్ని బట్టి మారుతుంది. చెల్లించలేని తక్కువ వర్ణస్థుడు పనిచేసి తీర్చాలి, బ్రాహ్మణుడు మాత్రం మెల్లగా చెల్లించవచ్చు. ఖుర్‌ఆన్ వడ్డీని నిషేధించి, ఇబ్బందిలో ఉన్నవానికి, అతడెవరైనా సరే, గడువు ఇమ్మంటుంది (2:280). మాఫీ చేయడం మరింత మేలంటుంది.

మనలో కొందరు ఈ గడువు ఆయతును వినిపించి, బాకీ అడిగే దుకాణదారునే దయలేనివానిగా చూస్తారు. ఇది సగం పఠనం. గడువు లేనివానికే. ఉండీ జాప్యం చేయడం అన్యాయమని మహాప్రవక్త (స) స్పష్టం చేశారు. ఈ ఇద్దరినీ వేరుచేసి చూడాలంటే ముందు బాకీ ఎంతో తగాదా లేకుండా తేలాలి. కనుక మేత బస్తా దింపిననాడే రైతు చేత వ్రాయించుకున్న నాలుగు వాక్యాలు అపనమ్మకానికి గుర్తు కావు. పంట పోయిననాడు ఇరువురి పరువునూ కాపాడేవి అవే.