బొడ్డు మీద రూపాయి బిళ్ళ

కర్నూలులోనైనా కడపలోనైనా కుక్కపిల్లను పశువుల ఆసుపత్రికి మొదటిసారి తెచ్చేది ఆరు, ఎనిమిది వారాల వయసులో, టీకా కోసం. బల్ల మీద డాక్టరు దాన్ని వెల్లకిలా తిప్పేసరికి బొడ్డు దగ్గర రేగుపండంత మెత్తటి ఉబ్బు కనిపిస్తుంది. "ఈడ గడ్డ లేసింది సార్, కోసి తీసేయండి" అంటాడు తెచ్చినాయన. ఇంట్లో అవ్వ ఉంటే కోత ఎందుకంటుంది. రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డతో బిగించి కడితే చాలునంటుంది. పసిబిడ్డల బొడ్డు ఉబ్బితే ఆమె కాలంలో చేసిందీ అదే.

బిళ్ళతో నయమవుతుందన్న పేరు ఊరికే రాలేదు. పసిబిడ్డల్లో ఇలాంటి బొడ్డు చాలావరకు నాలుగైదేళ్లలోపు దానంతటదే సర్దుకుంటుంది. కుక్కపిల్లల్లోనూ బొడ్డు కింద కండలో ఉండే చిన్న రంధ్రాలు ఆరు నెలల్లోపు పూడుకుపోవచ్చు. పని చేసింది ఒంట్లోని కండ, పేరు కొట్టేసింది బిళ్ళ! పైగా మెసలకుండా ఉండని పిల్లకు గట్టిగా కట్టు కడితే తోలు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అవ్వ వైద్యం కన్నా ప్రమాదమైంది ఇంకొకటుంది. చీముగడ్డ అనుకుని ఇంట్లోనే బ్లేడు పెట్టడం. లోపల ఉన్నది పేగైతే ఆ పిల్ల దక్కదు.

నింద పడేది మాత్రం తల్లి కుక్క మీద. ఈనేటప్పుడు బొడ్డుతాడు గట్టిగా లాగేసిందంటారు. చాలా పిల్లల్లో అసలు సంగతి వేరే. పుట్టాక మూసుకోవాల్సిన కండ వలయం పూర్తిగా మూసుకోలేదు, అంతే.

ఉబ్బు ఎంత పెద్దదన్నది డాక్టరుకు అంత ముఖ్యం కాదు. దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కి, కింద కండ అంచుల మధ్య ఎంత ఖాళీ ఉందో తడుముతాడు. సన్నటి రంధ్రంలోంచి సాధారణంగా కొవ్వే బయటికొస్తుంది, దానికి కొన్ని నెలలు ఆగి చూడొచ్చు. వేలు దూరేంత ఉంటే పేగు దిగే వీలుంది, ఆపరేషన్ చేయించడమే మేలు. నొక్కితే లోపలికి పోకుండా, గట్టిపడి, వేడిగా ఉండి, పిల్ల వాంతులు చేసుకుంటే టీకా తేదీ దాకా ఆగకూడదు. ఇరుక్కున్న పేగుకు రక్తం అందక కుళ్ళుతుంది.

ఆపరేషన్ పెద్దదేం కాదు. మత్తిచ్చి, తోలు కోసి, బయటికొచ్చినదాన్ని లోపలికి నెట్టి, కండ అంచులు కలిపి కుట్టేస్తారు. తొందర లేని కేసుల్లో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి ముగిస్తే మత్తు ఒక్కసారితో సరిపోతుంది. కడప జిల్లావాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది. తర్వాత పది, పన్నెండు రోజులు కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ కాలర్ వేయాలి, గంతులు మాన్పించాలి. మే నెల ఎండల్లో చదునుముక్కు పగ్‌కు మత్తివ్వడమంటే మాత్రం గండమే. అత్యవసరం కాకపోతే చల్లబడే దాకా ఆగడం తెలివైన పని.

ఈ కాలమిస్టు తగువంతా కుట్లు పడ్డాక మొదలవుతుంది. ఆపరేషన్ రంధ్రాన్ని పూడ్చగలదు గానీ వంశంలో ఉన్నదాన్ని మార్చలేదు. ఎయిర్‌డేల్ టెర్రియర్, బసెంజీ, పెకినీస్ వంటి జాతుల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుందని పశువైద్య పుస్తకాలే చెబుతాయి. అయినా బొడ్డు కుట్టించి, మచ్చ మీద బొచ్చు మొలిచాక, అదే కుక్కను ఈతకు కట్టేవాళ్ళున్నారు. కొనేవాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ వయసుకు బొడ్డు ఉబ్బు కంటికి కనిపిస్తుంది, కాబట్టి కొనే ముందు పిల్లను వెల్లకిలా తిప్పి చూడమని అడగొచ్చు. వీలైతే తల్లినీ అలాగే చూడాలి. రంధ్రం చిన్నదైతే ఇంట్లో పెంచుకోవడానికి ఆ పిల్లకొచ్చిన లోటేమీ లేదు. కాకపోతే ధర తగ్గించమనడం న్యాయమే, రేపు ఆపరేషన్ ఖర్చు పెట్టేది కొన్నవాళ్ళే కదా.