చేతులు ఇచ్చిన సాక్ష్యం

1913లో అమెరికాలో తీసిన ఒక మూకీ చిత్రాన్ని నేను తరచూ పెట్టుకుని చూస్తుంటాను. దాంట్లో కథ లేదు, సెట్టింగులు లేవు. సూటు వేసుకున్న మనిషి ఒకాయన కెమెరాకు ఎదురుగా నిలబడి దాదాపు పావుగంట చేతులతో మాట్లాడతాడు. ఆయన పేరు జార్జ్ వెడిట్జ్. ఎనిమిదేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి పోయింది. తర్వాత అమెరికా బధిరుల జాతీయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ సైగల భాష నాకు రాదు, అనువాదం పక్కన పెట్టుకునే చూస్తాను. అయినా ఆ మనిషి గుండెల్లో ఎంత మంట ఉందో తెలుస్తూనే ఉంటుంది.

ఫ్రాన్సులోని బధిరులు 33 ఏళ్లుగా కన్నీళ్లు పెట్టుకుంటున్నారని ఆయన చెబుతాడు. 33 ఏళ్లు వెనక్కి వెళితే 1880. ఆ సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద సభ జరిగింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్లే. బధిర పిల్లలకు నోటిమాటే నేర్పాలి, సైగలు మాన్పించాలి అని తీర్మానించారు. ఆ తర్వాత ఎన్నో దేశాల బడుల్లో చేయి కదిపిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి. బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. ఆ తీర్మానానికి విచారం ప్రకటించడానికి 2010 దాకా, వాంకూవర్ సభ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 130 ఏళ్లు!

సైగల భాషకు లిపి లేదు. చెప్పినవాళ్లు పోతే చెప్పిందీ పోతుంది. అందుకే వెడిట్జ్ హయాంలో సంఘం 5,000 డాలర్ల నిధికి చందాలు పోగుచేసి, పెద్దవాళ్ల సైగలను ఫిల్ము మీదకు ఎక్కించే పని మొదలుపెట్టింది. వాళ్లలో జాన్ హాచ్‌కిస్ అనే వృద్ధ అధ్యాపకుడు తన చిన్ననాటి హార్ట్‌ఫర్డ్ బధిరుల బడి ముచ్చట్లు చెప్పాడు. 1817లో ఆ బడి పెట్టినవాళ్లలో ఒకడైన లారెంట్ క్లెర్క్‌ను ముసలితనంలో చూసిన కళ్లు ఆయనవి. పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా దొరకని సంగతులవి.

ఆ సాక్ష్యం తర్వాత రంగస్థలం మీదికి వచ్చింది. 1967లో పుట్టిన నేషనల్ థియేటర్ ఆఫ్ ది డెఫ్ 1971లో ‘మై థర్డ్ ఐ’ ప్రదర్శించింది. బధిర నటులు తమ బాల్యాన్ని తామే చెప్పుకున్న నాటకం అది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన బెర్నార్డ్ బ్రాగ్ పారిస్‌లో మార్సెల్ మార్సో దగ్గర మైమ్ నేర్చుకున్నాడు. సినిమాలో క్లోజప్, లాంగ్ షాట్ ఎలా మారతాయో అలా ఒక్క శరీరంతోనే దృశ్యాలు మార్చే పద్ధతిని పెంపొందించాడు. పది వేళ్లు విప్పి ముందుకు కదిపితే అది గుంపు. మరుక్షణం భుజం ఒక పక్కకు తిరుగుతుంది, కళ్లు చిన్నవవుతాయి, అదే మనిషి గుంపుకు అడ్డుపడే కాపలాదారు అవుతాడు. బుర్రకథలో కథకుడు ఒక్కడే రాజూ బంటూ అయినట్టే.

1988 మార్చిలో వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గాలడెట్ యూనివర్సిటీకి మళ్లీ వినగలిగిన మనిషినే అధ్యక్షురాలిగా వేశారు. విద్యార్థులు గేట్లకు అడ్డంగా బస్సులు పెట్టి, టైర్లలో గాలి తీసేశారు. వారం తిరిగేసరికి కింగ్ జోర్డన్ తొలి బధిర అధ్యక్షుడయ్యాడు. అక్కడే నాటకం బోధించిన గిల్బర్ట్ ఈస్ట్‌మన్ ఆ ఉద్యమాన్ని సైగల్లోనే ఒక మహాకావ్యంగా అల్లి ప్రదర్శించాడు. పత్రికలు రాసిన చరిత్ర పక్కన, చేసినవాళ్ల భాషలోనే ఒక చరిత్ర నిలిచింది.

ఇలాంటి ప్రదర్శనలు చూసి మనలాంటివాళ్లు ‘చేతులు ఎంత అందంగా ఆడుతున్నాయో’ అనేసి ఊరుకుంటే నాకు బాధేస్తుంది. ఎదుటి మనిషి తన జాతికి జరిగింది చెబుతున్నాడు. ముందు ఆ సంగతి అందుకోవాలి, మెచ్చుకోలు తర్వాత.

మన దేశంలో 2015లో భారతీయ సంజ్ఞా భాషకు జాతీయ కేంద్రం వచ్చింది, ఆ తర్వాత 10,000 పదాల నిఘంటువూ వచ్చింది. మంచిదే. కానీ నిఘంటువులో జీవితాలు ఉండవు. మీ ఇంట్లోనో, వీధిలోనో బధిర పాఠశాలలో చదువుకున్న పెద్దవాళ్లు ఉంటే, వాళ్లు సరేనంటే, వాళ్ల బడి రోజులు ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. సైగలు తెలిసినవాళ్లను పక్కన ఉంచుకోండి. ముఖం, రెండు చేతులు, నడుము దాకా ఫ్రేములో పడాలి. వెలుతురు వాళ్ల ముఖం మీద ఉండాలి. మధ్యలో ఆపకండి.