జింక తోలు కింద దొరికిన తూటా

థ్యాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం విస్కాన్సిన్‌లో జింకల వేట మొదలవుతుంది. తొమ్మిది రోజులు. మన దగ్గర 1972 చట్టంతో ఆగిపోయిన వేట నాకు ఈ మంచుదేశంలో అలవాటైంది.

మూడో ఏడు జరిగింది ఇంకా వెన్నాడుతోంది. ముప్ఫై గజాల్లో తెల్లతోక మగజింక. నా రైఫిల్లో ఉన్నది మామూలు తూటా: సీసం, దానిమీద పల్చటి రాగి తొడుగు. బుజం ఎముక తగలగానే పైపైనే ముక్కలైంది. నెత్తుటి బొట్లు వెతుక్కుంటూ రెండు గంటలు నడిచాను. దొరికేసరికి జింకకి ఇంకా ఊపిరి ఆడుతోంది, దాని ముక్కు దగ్గర మంచు కరుగుతోంది.

తూటా లోతుకి దిగాలి, దిగుతూ విచ్చుకోవాలి. ఈ రెండింటికీ పొసగదు. తొందరగా విచ్చుకుంటే ముందుకు సాగదు. అసలు విచ్చకపోతే సన్నటి చిల్లు పెట్టి అవతలికి పోతుంది, జింక నరకం చూస్తుంది. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే వేటగాడికి ఎదురైన చిక్కూ ఇదే. ఒంటినిండా బురద ఎండిన మూస్ అనే పెద్ద జింక మీద ఆయన తూటాలు లోపలికి దిగలేదు. ఇంటికెళ్లి తూటా మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరక దూసుకుపోతుంది. ఆ ‘పార్టిషన్’ తూటా ఇప్పటికీ దొరుకుతుంది.

నేను మాత్రం పూర్తిగా రాగి తూటాకి మారాను. దాని మొనలో చిన్న గుంత ఉంటుంది. తడి కండలో దిగగానే అక్కడ ఒత్తిడి పుట్టి, నాలుగు రేకులుగా విప్పారుతుంది. రాగి సీసం కంటే తేలిక, అందుకే 180 గ్రెయిన్ల బరువున్న తూటా బదులు 150ది వాడతాను. వేగం తగ్గితే రేకులు విప్పుకోవు కాబట్టి 200 గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టుకోను.

నిరుడు కాల్చిన జింక నలభై అడుగుల్లో కూలింది. తోలు ఒలుస్తుంటే అవతలి డొక్క దగ్గర ఏదో గట్టిగా తగిలింది. కత్తి మొనతో తీశాను. బుజం విరిచి, ఊపిరితిత్తులు దాటి వచ్చిన తూటా. ఒక్క రేకూ ఊడలేదు. తూస్తే 148 గ్రెయిన్లు.

సీసం తూటా పగిలితే దాని నలుసులు గాయానికి జానెడు దూరంలో కూడా ఎక్స్‌రేలో కనిపిస్తాయి. కంటికి కనబడవు, పంటికి తగలవు. అడవిలో వదిలేసిన పేగులు తిని గద్దలు చస్తున్నాయి, కాలిఫోర్నియాలో కాండర్ రాబందులు చస్తున్నాయి. అక్కడ 2019 జూలై నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధం. ఇక్కడ అలాంటి నిషేధం లేదు. రాగివి ఖరీదెక్కువని తోటివాళ్లంటారు. ఏడాదికి జింక మీద నేను కాల్చేది ఒకటో రెండో. ఆ మాంసాన్ని గోంగూర వేసి వండితే మొదటి ముద్ద మా చిన్నదే తింటుంది.