ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ: ‘ది డే ఆఫ్ ది జాకాల్’ రచనావిధాన పరిశీలనము

ఉత్కంఠాప్రధానములైన నవలలను గూర్చి మన విమర్శకులలో నొక అభిప్రాయము చిరకాలముగ వ్యాప్తమై యున్నది. అట్టి నవలకు రహస్యమే ప్రాణమనియు, రహస్యము బయల్పడిన పిదప గ్రంథమున రుచి మిగులదనియు, కావున నది పునఃపఠనమునకు గాని పరిశోధనకు గాని తగదనియు ఆ వాదము యొక్క సారము. ఈ వాదము ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు ఫ్రెడరిక్ ఫోర్సైత్ రచించిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’ (1971) మిక్కిలి అనుకూలమైన గ్రంథము. ఇందు ముగింపు పాఠకునకు మొదటి పుటకు ముందే తెలియును.

ఇతివృత్తమును సంగ్రహముగ చెప్పుదును. అల్జీరియాకు 1962లో స్వాతంత్ర్య మిచ్చుటను సహింపజాలక, ఓ.ఏ.ఎస్. అను రహస్య సైనిక సంస్థవారు ఫ్రాన్సు అధ్యక్షుడైన డిగాల్‌ను చంపదలచిరి. 1962 ఆగస్టు 22న పెటీ క్లమార్ కడ ఆయన కారుపై జరిగిన కాల్పులు చారిత్రక సత్యము. ఆ కుట్రకు నాయకుడైన బాస్త్యాఁ తిరీ 1963 మార్చి 11న మరణదండన పొందెను. నవల ఆ మరణదండనతో ఆరంభమగును. అటుపై కల్పన. సంస్థవారు ‘జాకాల్’ అను మాఱుపేరుగల ఒక ఆంగ్లేయుని కిరాయికి కుదుర్చుకొందురు. వాని ప్రయత్నము 1963 ఆగస్టు 25న పారిస్ విమోచనోత్సవమునాడు ముగియును. డిగాల్ చనిపోయినది 1970 నవంబరులో, స్వగృహమున, సహజమరణముచే. ఫోర్సైత్ 1970 జనవరిలో ఈ నవల వ్రాయుచుండగా ఆయన సజీవుడే. కావుననే పలువురు ప్రచురణకర్తలు దీనిని త్రోసిపుచ్చిరి. చావడని లోకమెఱిగిన మనుష్యుని చంపబోవు కథను ఎవరు చదువుదురని వారి శంక.

ఆ శంక ఆలంకారికులకు క్రొత్త గాదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని విభజించెను. ఫలము తెలిసిన ప్రఖ్యాతవస్తువునే మహాకవులు ఎక్కువగ ఆదరించిరి. భారతయుద్ధమున గెలుపెవరిదో ఎఱుగని శ్రోత యెవడు? అయినను వినుచునే యున్నాడు. ఏలయన కుతూహలము వేఱు, ఉత్కంఠ వేఱు. ‘ఏమి జరుగును?’ అనునది కుతూహలము; అది సమాధానముతో శమించును. ‘ఎట్లు జరుగును? ఎంత దూరము సాగును?’ అనునది ఉత్కంఠ. అది కార్యము నడచినంతసేపును నిలుచును. ప్రాప్త్యాశ యను మూడవ అవస్థను చెప్పునపుడు శాస్త్రకారులు ఉపాయమును అపాయశంకను కలిపి చెప్పిరి. ఫోర్సైత్ నవల ఆద్యంతము ప్రాప్త్యాశనే విస్తరించిన రచన. ఇది పెటీ క్లమార్ సత్యమును, జాకాల్ కల్పనను జోడించిన మిశ్రవస్తువు.

ఇక ఈ వస్తువు రచయితకు లభించిన విధము. ఫోర్సైత్ 1962లో రాయిటర్స్ వార్తాసంస్థ విలేఖరిగా పారిస్‌లో నుండెను. అధ్యక్షుని రాకపోకలను కనిపెట్టియుండుట అతని విధులలో నొకటి. ఓ.ఏ.ఎస్. వారి ముఖములు, పేరులు, అలవాటులు పోలీసులకు తెలిసియున్నవి గనుక వారు సఫలులు కాజాలరనియు, ఏ పత్రమునందును పేరులేని పరాయివాడైనచో అది వేఱుమాట యనియు అతనికి తోచెను. కథాబీజ మిదియే. ఇది సంఘటన నుండి పుట్టలేదు. ఆ సంఘటన విఫలమైన కారణమును విచారించుట నుండి పుట్టినది. బీజము కలిగిన వెంటనే అతడు వ్రాయలేదు. నడుమ తూర్పు బెర్లిన్, బి.బి.సి. ఉద్యోగము, బియాఫ్రా యుద్ధము గడచినవి. ఏడేండ్లకు పిదప, ధనములేక స్వదేశమునకు మరలినపుడు 35 దినములలో వ్రాసి ముగించెను. ‘ముప్పదియైదు దినములు’ అను మాటనే పట్టుకొని ఇది తొందరపాటు రచన యనువారు ఆ యేడేండ్లను లెక్కింపకున్నారు.

అతని పరిశోధనమునకు రెండు ముఖములు గలవు. మొదటిది పత్రికావృత్తి యిచ్చిన స్థలజ్ఞానము, రాజ్యాంగయంత్రజ్ఞానము. రెండవది నవలకై ప్రత్యేకముగ చేసిన విచారణ. బాల్యముననే మరణించిన శిశువు పేరిట పాస్‌పోర్టు సంపాదించు ఘట్టము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. ఈ పరిశోధనము గ్రంథమున అలంకారముగ నిలువక కథాగమనమే యైనది. తుపాకి చేయువానితో బేరము, ఊతకఱ్ఱలో నది యిముడునట్లు చేసిన యేర్పాటు, అడవిలో పుచ్చకాయపై గుఱి పరీక్ష — ఇందు ప్రతి వివరమును ఒక మెట్టు. మెట్టు దృఢమైనకొలది, తుది మెట్టు లేదని తెలిసియు పాఠకుడు బెదరును. వివరములలో నొకటి తొలగించి చూచినచో కథ అచటనే ఆగును. పరిశోధనము నవలలో జీర్ణమైనదా లేదా యని నిర్ణయించుటకు ఇంతకంటె సులభమైన గీటురాయి లేదు.

నిర్మాణమున గ్రంథము మూడు భాగములు. మొదట హంతకుని యత్నము. రెండవ భాగమున క్లోడ్ లెబెల్ అను పోలీసు ఉద్యోగి ప్రవేశముతో ప్రతియత్నము. తుదిభాగమున రెంటి సంఘట్టనము. ఇద్దఱును ఏకాంతముగ, ఓర్పుతో, కాగితములను నమ్మి పనిచేయువారే. ఒకడు కాగితములతో తన్ను మఱుగుపఱచుకొనును. రెండవవాడు కాగితములలోనే వానిని వెదకును. ఒక ఫలమునకై రెండు వైరియత్నములు పెరుగుటచే పాఠకుని మనస్సు ఇటునటు ఊగును.

తుది ఘట్టము ఈ విధానమునకు శిఖరము. జాకాల్ అన్నియు విచారించినాడు, ఒక్కటి విచారింపలేదు. పతకము నొసగునపుడు ఫ్రెంచివారు వృద్ధసైనికుని చెక్కిలిని ముద్దిడుట ఆచారము. అధ్యక్షుడు వంగెను, గుండు తప్పెను. ఏ పత్రమునను లేని యొక దేశాచారము సర్వపరిశోధనమును వ్యర్థము చేసినది. చరిత్రకు భంగము రాలేదు. యాదృచ్ఛికమను నిందయు రాలేదు. హంతకుని అజ్ఞానము రచయిత జ్ఞానముచే నిర్మితమైనది. అటుపై, పోలీసులు అనుమానించిన వ్యక్తి వేఱొకడని తేలును. జాకాల్ ఎవడో తెలియకయే కథ ముగియును. తెలిసిన ముగింపు పాఠకునకు దక్కినది. తెలియని మనుష్యుడు తెలియకయే పోయినాడు.

దోషములను చెప్పక విడువరాదు. ఇందలి స్త్రీపాత్రలు సాధనమాత్రములు. జాకాల్‌కు మనస్సు లేదు, నేర్పు మాత్రమే కలదు. మఱియు గంభీరమైన ఆక్షేపణ యొకటి: పాఠకుడు తెలియకయే హంతకుని పని నెఱవేఱవలెనని కోరును. పాస్‌పోర్టు మోసమునకు ఆంగ్లదేశమున ఈ నవల పేరే స్థిరపడినదనగా, యథార్థచిత్రణమునకు గ్రంథము వెలుపలను ఫలము గలదని గ్రహింపవలెను. నేర్పునందలి గౌరవము నీతియందలి గౌరవమును మఱపింపగలదు. ఇది ఈ జాతి రచనకు సహజమైన అపాయము. దీనిని లెబెల్ పాత్రముచే రచయిత కొంత సరిదిద్దెను గాని పూర్తిగా కాదు.

తెలుగున అపరాధపరిశోధక నవలకు విస్తృతమైన చరిత్ర కలదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను ఎఱుగని పాఠకులు ఆ తరమున అరుదు. అట్టి నవలలను సాహిత్యమా కాదా యని వాదించుటకు బదులు, పరిశోధకులు మూడు ప్రశ్నలు వేయుట మేలు. బీజము ఎచట పుట్టినది? సేకరించిన జ్ఞానము కథగా మాఱినదా, బరువుగా మిగిలినదా? రహస్యము తెలిసిన పిదప గ్రంథమున ఏమి మిగులును? మూడవ ప్రశ్నకు బదులు చెప్పగల గ్రంథము ఏ జాతిదైనను మన పరిశీలనమునకు అర్హమే.