ఇనుపచేతి మాయావి: ఒక పరిశీలన

తాయిల్పట్టి, కోవిల్‌పట్టి ప్రాంతాల విద్యార్థి మిత్రులు మీ నాయననో మేనమామనో ఒకమాట అడిగి చూడండి: చిన్నతనంలో ఇష్టంగా చదివిన మొదటి పుస్తకం ఏది? చాలామంది 'ఇరుంబుక్కై మాయావి' అనే అంటారు, కాస్త మొహమాటపడుతూ. ఆ మొహమాటం అనవసరమని మా అభిప్రాయం.

ఈ బొమ్మలకథ 1972లో శివకాశి నుండి ముత్తు కామిక్స్ మొదటి సంచికగా వెలువడింది. మూలం 1962లో బ్రిటిష్ వారపత్రిక 'వాలియంట్'లో మొదలైన 'ద స్టీల్ క్లా'. తొలి రచయిత కెన్ బుల్మర్, తరువాత టామ్ టల్లీ. చిత్రకారుడు స్పెయిన్ దేశస్థుడు హెసూస్ బ్లాస్కో. ప్రయోగశాలలో సహాయకుడైన లూయిస్ క్రాండెల్‌కు కుడిచేతి స్థానంలో ఉక్కుచెయ్యి ఉంటుంది. విద్యుత్తు తగిలితే ఒళ్ళంతా మాయమవుతుంది, ఆ చెయ్యి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

కథకు ప్రాణం ఈ లోపమే. పూర్తిగా అదృశ్యుడైనవానికి భయం లేదు, కనుక పాఠకునికీ ఉత్కంఠ లేదు. చీకటి గోడమీద ఒంటరిగా పాకే చేతిని బ్లాస్కో నలుపు తెలుపుల్లో గీసిన తీరు నేటికీ చూడదగ్గది. పైగా ఈ నాయకుడు మొదట దుర్మార్గుడు; శక్తి రాగానే బుద్ధి చెడింది. తరువాతి భాగాల్లో గూఢచారిగా మారి, వేళ్ళల్లో ఆయుధాలు అమర్చుకున్న తరువాత కథ పలచబడిందనే చెప్పాలి. పనిముట్లు పెరిగినకొద్దీ మనిషి తగ్గాడు.

ఇప్పటి పిల్లలు చదివే జపాన్ మాంగాల్లో పద్ధతి వేరు. 1984లో అకిరా తొరియామా ప్రారంభించిన 'డ్రాగన్ బాల్'లో గురువుంటాడు, సాధన ఉంటుంది, ఓడి మళ్ళీ నేర్చుకోవడం ఉంటుంది. కర్రసాము చూసి పెరిగిన మనవారికి ఇది దగ్గరగా తోచవచ్చు. క్రాండెల్‌ది ప్రమాదవశాత్తు వచ్చిన శక్తి, నేర్చుకున్న విద్య కాదు.

ఇక పేరు సంగతి. తమిళ 'ఇరుంబు', తెలుగు 'ఇనుము' ఒకే మూలం నుండి వచ్చినవి. 'కై', 'చేయి' కూడా అంతే. తెలుగులో ఆ కకారం తాలవ్యీకరణం చెంది చకారమైంది. మాయావి సంస్కృతం, ఇద్దరిదీ. పేరులో ఒక్కమాటైనా మనకు పరాయిది కాదు. అయినా ఆ పుస్తకాన్ని మనవారు తమిళంలో చదివి, ఇంట్లో అవ్వకు తెలుగులో చెప్పారు. అవ్వకు చెప్పిన ఆ కథను ఎవరూ రాసిపెట్టలేదు. ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ కూడా తనవారి కథలను తమిళంలోనే రాశారు. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం ఆ రచనకే వచ్చింది. 2006 నాటి చట్టంతో పాఠశాలల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మనపిల్లలకు తెలుగు లిపి మరింత దూరమైంది.

మా తరగతిలో ఒకమారు ఇందులోని ఒక పుటను ఇంటిభాషలో రాయమన్నాం. ఒక విద్యార్థిని తమిళ లిపిలోనే తెలుగు రాసుకొచ్చింది. పక్కనున్నవాడు 'గోడ'ను 'కోడ' అని చదివాడు. తమిళ లిపిలో క, గ లకు అక్షరం ఒక్కటే కదా. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మరుసటివారం గకారం ఎలా రాయాలో చూపమని మా గదికి వచ్చింది.